బందరు గుడ్డ ఇచ్చి... లవంగాలు పుచ్చుకుని!

నాలుగొందల ఏళ్ల కిందట లవంగాలు, జాజికాయలు పండే దీవుల్లో వెండి నాణేలు చూపిస్తే జనం అంతగా మోజు పడేవారు కాదు. అదే ఎర్రటి అద్దకం బట్ట విప్పితే కళ్లు మెరిసేవి. ఆ బట్ట నేసింది, అద్దింది మన తెలుగు తీరంలోనే. ఐరోపా వర్తక కంపెనీలు కోట్లు గడించిన ఆ వ్యాపారంలో బందరు గుడ్డే అసలు నాణెం!

1498 మే నెల. ఆఫ్రికాను చుట్టి, పది నెలలకు పైగా ప్రయాణం చేసి వాస్కోడిగామా నౌకలు కోళిక్కోడ్ చేరాయి. రాజుగారు జామొరిన్‌ను కలవాలి. వట్టి చేతులతో వెళ్తే ఏం బాగుంటుంది? అందుకే తెచ్చిన కానుకలన్నీ బయటకు తీయించాడు గామా. చారల గుడ్డలు పన్నెండు, ఎర్రటి తలముసుగులు నాలుగు, టోపీలు ఆరు, పగడాల దండలు నాలుగు, చేతులు కడుక్కునే పళ్లేలు ఆరు, ఒక పెట్టెడు పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె.

వాటిని చూడ్డానికి వచ్చిన రాజోద్యోగులు పకపకా నవ్వేశారు!

మక్కా నుంచి వచ్చే అతి పేద వర్తకుడు కూడా ఇంతకన్నా మంచివే తెస్తాడు, రాజుగారికి ఇవ్వాలంటే బంగారం ఇవ్వండి అని ముఖంమీదే చెప్పారు. గామాకు తల కొట్టేసినట్టయింది. నేను వర్తకుణ్ని కాదు, రాయబారినంటూ ఏదో సర్దిచెప్పుకున్నాడు.

చరిత్ర పుస్తకాల్లో 'సముద్రమార్గం కనిపెట్టిన ఘట్టం'గా చదువుకునే రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆ నవ్వులో ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. తూర్పుదేశాల్లో దొరికే ప్రతిదీ ఐరోపాకు కావాలి... మిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి, దాల్చినచెక్క, పట్టు, నూలుబట్ట, వజ్రాలు. మరి ఐరోపా దగ్గరున్నదేమిటి? ఉన్ని దుస్తులు! ఎండలు మండే దేశాల్లో వాటినెవరు కొంటారు? తరువాతి రోజుల్లో ఆంగ్లేయులు ఎంతో ఆశగా తెచ్చిన దళసరి ఉన్నిబట్టలు మనదేశంలో ఎక్కువగా ఏనుగుల మీద కప్పడానికీ, గుర్రాల జీనులకీ, డేరాలకీ పనికొచ్చాయంతే.

ఇక మిగిలింది వెండి. దక్షిణ అమెరికాలో ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసి కొండలో 1545లో వెండిగనులు బయటపడ్డాయి. ఆ వెండితో స్పెయిన్ పోసిన నాణేలు ప్రపంచమంతా తిరిగాయి. తూర్పుకు వచ్చే ప్రతి నౌకలోనూ పెట్టెలకొద్దీ అవే. కానీ ఎంతకాలమని ఇంట్లో వెండి తీసుకెళ్లి పరాయిదేశంలో పోస్తారు? దేశం గుల్లైపోతోందని సొంతగడ్డమీదే గగ్గోలు. వెండి తక్కువ ఖర్చుపెట్టి సుగంధద్రవ్యాలు ఎక్కువ కొనే దారేమిటి?

ఆ దారి బందరు రేవు మీదుగా ఉంది.

అయిదు దీవులు... ఒకే పంట

అప్పట్లో లవంగాలు ఎక్కడపడితే అక్కడ పండేవి కావు. ఇప్పటి ఇండోనేషియాలో తూర్పు కొసన ఉన్న మలుకు దీవుల్లో, అదీ టెర్నాటే, టిడోర్, మోటి, మకియాన్, బచాన్ అనే చిన్నచిన్న దీవుల్లోనే ఆ చెట్లుండేవి. జాజికాయ సంగతి మరీనూ. దానికి దక్షిణంగా ఉన్న బాండా దీవులు తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. పటంలో వెతికితే చుక్కల్లా కూడా కనిపించవవి. కానీ ప్రపంచమంతా వాటి కోసమే పడవలెక్కింది.

పోర్చుగీసువాళ్లు 1511లో మలక్కాను పట్టుకున్నారు. తూర్పు సముద్రాల వ్యాపారానికంతటికీ అదే కూడలి. అక్కడికి వెళ్లాకే వాళ్లకు అసలు గుట్టు తెలిసింది. మలుకు దీవులవాళ్లు లవంగాలకు బదులు ప్రధానంగా అడిగేది బట్ట. అందులోనూ గుజరాత్ నుంచీ, కోరమాండల్ తీరం నుంచీ వచ్చే బట్ట. కోరమాండల్ అంటే కృష్ణా, గోదావరి ముఖద్వారాల నుంచి కిందికి తమిళనాడు దాకా ఉన్న మన తూర్పు తీరమే. పోర్చుగీసువాళ్లు పుట్టించిన వ్యాపారం కాదిది. వాళ్లు రావడానికి వందల ఏళ్ల ముందు నుంచే నడుస్తోంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు రచనల్లోనే 'మసాలియా', 'మైసోలియా' అనే పేర్లతో కృష్ణా తీరం కనిపిస్తుంది. మలయా ప్రాంతంలో మన తీరంవాళ్లను 'కెలింగ్' అనేవారు. కళింగ నుంచి వచ్చిన మాట అది.

ఇంతకీ ఆ దీవులవాళ్లకు బట్ట మీద అంత వ్యామోహం ఎందుకు? వాళ్లకది కట్టుకునే గుడ్డ మాత్రమే కాదు, ఆస్తి. పెళ్లిలో ఇచ్చిపుచ్చుకోవాలన్నా, చనిపోయినవారిని సాగనంపాలన్నా, దేవుడికి పండగ చెయ్యాలన్నా మంచి బట్ట ఉండాలి. మన ఇళ్లలో బంగారం దాచుకున్నట్టే వాళ్లు అద్దకం బట్టలు దాచుకునేవారు. ఎర్రరంగు దిగని బట్టయితే తాతల నుంచి మనవలకు వెళ్లేది.

లవంగాల ధరల పట్టీ

మాగెల్లాన్ ప్రపంచయాత్రలో మిగిలిన నౌకలు 1521 నవంబరులో టిడోర్ దీవి చేరాయి. ఆ నౌకల్లో ఉన్న ఇటలీ యాత్రికుడు ఆంటోనియో పిగఫెట్టా ఏ సరకుకు ఎన్ని లవంగాలిచ్చారో రాసిపెట్టుకున్నాడు. తూకం పేరు 'బహార్'. ఆయన చెప్పిన లెక్కన 406 పౌన్లు, అంటే దాదాపు 185 కిలోలు. ఒక బహార్ లవంగాలు కావాలంటే వీటిలో ఏదో ఒకటి ఇస్తే చాలు...

* గొడ్డళ్లు - 15
* గాజు గ్లాసులు - 35
* టోపీలు - 40
* కత్తెర్లు - 50
* కత్తులు - 150
* గుజరాత్ బట్టలు - 10

గొడ్డళ్ల కన్నా, కత్తుల కన్నా మన బట్టే విలువైనదని పట్టీ చూస్తేనే తెలుస్తోంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ నావికులు మారకానికి పెట్టిన సరకుల్లో చాలామటుకు ఐరోపా నుంచి తెచ్చినవి కావు, దారిలో ఎదురైన పడవల్ని దోచుకున్నవి! చివరికి ఒకే ఒక్క నౌక 'విక్టోరియా' 1522లో స్పెయిన్ చేరింది. అందులో ఉన్న 381 బస్తాల లవంగాలు మొత్తం యాత్ర ఖర్చును పూడ్చేశాయంటారు.

'ఎడమ చెయ్యి' మనదే!

పోర్చుగీసుల తరువాత డచ్చివాళ్ల వంతు. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. నేరుగా మలుకు దీవులకు వెళ్లి లవంగాలు కొనేద్దామనుకున్నారు. వెళ్లాక తెలిసింది, చేతిలో మన బట్ట లేకపోతే అక్కడ బేరం కుదరదని. అంతే... మూడేళ్లు తిరక్కుండానే 1605లో డచ్ నౌక మచిలీపట్నంలో లంగరేసింది. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా నుంచి ఫర్మానా పుచ్చుకున్నారు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం 4 శాతం. మచిలీపట్నంలో ఒక వర్తకశాల, అప్పట్లో పెటపోలి అని పిలిచిన నిజాంపట్నంలో మరొకటి వెలిశాయి. 1611లో 'గ్లోబ్' అనే నౌకలో ఆంగ్లేయులూ వచ్చేశారు. విశేషమేమిటంటే ఆ నౌకలో వ్యాపారం చూసిన పీటర్ ఫ్లోరిస్ అంతకుముందు ఇదే తీరంలో డచ్చివాళ్ల దగ్గర పనిచేసినవాడే!

'బందర్' అంటే పారశీకంలో రేవు. వచ్చినవాళ్లంతా బందర్, బందర్ అంటుంటే ఊరికి అదే పేరు స్థిరపడిపోయింది. గోల్కొండ రాజ్యానికంతటికీ అదే పెద్ద రేవు. పారశీకులు, అరబ్బులు, బర్మావాళ్లు, డచ్చివాళ్లు, ఆంగ్లేయులు... వీధుల్లో పది భాషలు వినిపించేవి.

1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి తన పైవాళ్లకు ఓ మాట రాశాడు. కోరమాండల్ తీరం మలుకు దీవులకు ఎడమ చెయ్యిలాంటిదనీ, ఇక్కడి బట్టలు వెళ్లకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేననీ దాని సారాంశం. ఎడమ చెయ్యి అన్నాడని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కుడిచేత్తో లవంగాలు అందుకోవాలంటే ఎడమచేత్తో బట్ట అందించాలని ఆయన భావం.

తరువాత గవర్నర్ జనరల్ అయిన యాన్ పీటర్‌జూన్ కూన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1619లో కంపెనీ పెద్దలకు రాసిన లేఖలో మొత్తం చక్రాన్ని గీసి చూపించాడు. గుజరాత్ బట్టలిచ్చి సుమత్రాలో మిరియాలు, బంగారం కొనొచ్చు. కోరమాండల్ బట్టలిచ్చి బాంటంలో మిరియాలు కొనొచ్చు. మిరియాలు, గంధపుచెక్క ఇచ్చి చైనా సరకు తీసుకోవచ్చు. చైనా సరకు ఇచ్చి జపాన్ వెండి పట్టుకోవచ్చు. ఇలా ఆసియాలోనే సరకును చేతులు మారుస్తూ పోతే హాలెండ్ నుంచి డబ్బు పంపే అవసరమే ఉండదన్నాడు. అనుకున్నంత సాఫీగా జరగలేదుగానీ, కంపెనీ లాభాలకు పునాది మాత్రం ఆ చక్రమే. అందులో ఇరుసులాంటిది బట్ట.

చిరివేరు మహిమ

ఆ బట్టలో అంత గొప్ప ఏముంది? సమాధానం నేలలో ఉంది. కృష్ణా డెల్టా సముద్రతీరపు ఇసుకనేలల్లో ఓ చిన్న మొక్క పెరుగుతుంది. పేరు చిరివేరు. దాని సన్నటి, పొడవాటి వేళ్లలోంచి వచ్చే ఎరుపు ప్రపంచంలో ఇంకెక్కడి ఎరుపుకూ తీసిపోదు. నిజాంపట్నం చుట్టుపక్కల వేరు మరీ శ్రేష్ఠమని పేరు. 1618 - 22 మధ్య గోల్కొండ రాజ్యంలో ఉన్న విలియం మెథ్‌వొల్డ్ అనే ఆంగ్లేయుడు కూడా ఈ రంగు గురించి ప్రత్యేకంగా రాశాడు.

రంగు ఉంటే సరిపోదు. దాన్ని బట్టకు పట్టించడమే విద్య. నూలుకు రంగు అంత తేలిగ్గా పట్టదు. అద్దిన రంగు ఒక్క ఉతుకులో పోతుంది. ఐరోపాలో ఆ కాలంలో ఎవరికీ నూలుబట్ట మీద ఇంత గట్టిగా రంగు నిలపడం చేతకాలేదు. మనవాళ్లు ఏం చేసేవారంటే... ముందు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి తెల్లగా చేస్తారు. కరక్కాయ పిప్పి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత చెదరదు. తుప్పుపట్టిన ఇనుమూ, బెల్లమూ కలిపి ఊరబెట్టిన నీళ్లతో గీతలు గీస్తే కరక్కాయతో కలిసి నల్లగా మారుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు రాస్తారు. అప్పుడు బట్టను చిరివేరుతో కలిపి ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాచోట్ల పారేనీళ్లలో జాడిస్తే పోతుంది. నీలం కావాలంటే మళ్లీ మరో తంతు. నీలం అక్కర్లేనిచోటల్లా మైనం పూసి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచాలి. ఇంత జరిగేసరికి వారాలు... మేలిరకమైతే నెలలు.

పనీ ఒక్కరిది కాదు. పత్తి పండించే రైతు, వడికే ఆడవాళ్లు, నేసే సాలీలు, తెల్లగా ఉతికే చాకళ్లు, చిరివేరు తవ్వి తెచ్చేవాళ్లు, కలంతో గీసేవాళ్లు, అచ్చులు వేసేవాళ్లు... ఒక బట్ట వెనక ఊళ్లకు ఊళ్లే ఉండేవి.

తెల్లటి అంచు లేదని...

కొనేవాళ్లు తక్కువ తిన్నారా? ఒక్కో దేశానిది ఒక్కో రుచి. జావాకు పంపేది సియాంలో పోదు. సియాంకు పంపేది పర్షియాలో పోదు. సియాం రాజదర్బారు తమకు కావలసిన బొమ్మల నమూనాలు పంపి మరీ అద్దించుకునేది.

'గ్లోబ్' నౌకలో వచ్చిన ఫ్లోరిస్‌కు ఈ విషయం బాగా అనుభవంలోకి వచ్చింది. మన తీరంలో బట్టలు నింపుకుని 1612లో మలయా ద్వీపకల్పంలోని పటానీ రేవుకు వెళ్లాడు. ఇప్పుడది దక్షిణ థాయ్‌లాండ్‌లో ఉంది. బట్ట మంచిదే. రంగూ బాగుంది. అయినా కొనేవాళ్లు పెదవి విరిచారు. కారణం? బట్ట కొసన సన్నటి తెల్లటి అంచు లేదట! అంత చిన్న గీత లేనందుకు చెయ్యైనా చాచలేదనీ, కళ్లారా చూడకపోతే తానూ నమ్మేవాణ్ని కాదనీ అర్థం వచ్చేలా దినచర్యలో రాసుకున్నాడు ఫ్లోరిస్. పైగా మరో దెబ్బ. అంతకు కొన్నేళ్ల ముందు ప్రపంచంలోని బట్టంతా తెచ్చినా చాలదన్నట్టున్న ఆ రేవులో, అందరూ పోటీపడి తెచ్చి పోయడంతో గిరాకీ పడిపోయింది.

అందుకే వర్తకశాలల నుంచి వచ్చే ఆర్డర్లలో పొడవెంత, వెడల్పెంత, ఎరుపు ఎంత, నీలం ఎంత, అంచు ఎలా ఉండాలి అన్నీ వివరంగా ఉండేవి. బందరులో కూర్చున్న డచ్ గుమాస్తాకు పెడన వైపు మగ్గం ఎలా ఆడుతోందో, మలుకు దీవిలో పెళ్లికూతురికి ఏ రంగు ఇష్టమో రెండూ తెలియాలి!

ఓడ దిగినవేమిటి?

బట్ట వెళ్లిపోతే బదులుగా ఏమొచ్చేవి? లవంగాలు, జాజికాయ, జాపత్రి, గంధపుచెక్క, మలయా తగరం, జపాన్ రాగి, చైనా పింగాణీ, పాదరసం, ఇంగిలీకం, బంగారం, వెండి. బందరులో దిగి గోల్కొండ దాకా బండ్ల మీద వెళ్లేవి. తెలుగువాళ్ల వంటిళ్లలోకీ, తాంబూలాల్లోకీ వచ్చిన లవంగం చాలాకాలం ఇలా మన బట్టకు మారకంగా వచ్చిందే.

వెళ్లినవి కూడా బట్టలొక్కటే కాదు. ఖమ్మం జిల్లా నాగులవంచలో నీలిమందు కోసం డచ్చివాళ్లు ఏకంగా ఒక వర్తకశాలే పెట్టారు. నరసాపురం దగ్గర నౌకలు కట్టేవారు. ఆ పక్కనే ఉన్న మాధవాయపాలెం నుంచి వెళ్లిన తెల్లబట్టకు ఆంగ్లంలో 'మాడపోలం' అని ఊరిపేరే స్థిరపడింది. ఇక కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో అరవై వేలమంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. వజ్రాలు పుట్టిన ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లకింద ఉంది.

బట్ట వెనక నెత్తురు

కూన్ గీసిన చక్రం కాగితం మీద అందంగానే ఉంది. కానీ బేరం కుదరనిచోట ఏం చేశారు?

జాజికాయ మొత్తం తమకే అమ్మాలని బాండా దీవులవాళ్లతో డచ్చివాళ్లు ఒప్పందాలు రాయించుకున్నారు. బాండావాళ్లకు కావలసిన బియ్యం, బట్టలు జావా, మలయా వర్తకులు తెచ్చేవారు. ఆంగ్లేయులూ మంచి ధర ఇస్తామనేవారు. పాత చుట్టాల్ని వదులుకోవడానికి దీవివాసులు ఒప్పుకోలేదు. 1621లో కూన్ స్వయంగా సైన్యంతో దిగాడు. 44 మంది పెద్దల్ని పట్టి, జపాన్ నుంచి తెచ్చిన కిరాయి సైనికులతో చంపించాడు. మిగిలినవారిలో ఎందరో కత్తికీ, ఆకలికీ బలయ్యారు. కొందరు పడవలెక్కి పారిపోయారు. మరికొందర్ని బానిసలుగా బటావియాకు తరలించారు. దాదాపు పదిహేను వేలమంది ఉన్న ఆ దీవుల్లో చివరికి మిగిలింది ఏ వెయ్యిమందో అని చరిత్రకారుల అంచనా.

మనుషుల్లేని తోటల్లో జాజికాయలు కోసేదెవరు? బానిసల్ని తెచ్చారు. అలా తెచ్చిన చోట్లలో కోరమాండల్ తీరమూ ఉంది. ఇక్కడ కరవొచ్చినప్పుడల్లా కడుపు నింపుకోవడానికి తమను తాము అమ్ముకున్నవాళ్లు, పిల్లల్ని అమ్ముకున్నవాళ్లు ఎందరో. 1618 - 20, 1645 - 46, 1659 - 61... తీరంలో తిండిగింజలు కరవైన ఈ ఏళ్లలోనే డచ్ నౌకల్లో బానిసల ఎగుమతి పెరిగింది. బట్టల మూటలు వెళ్లిన దారినే వేలమంది మనుషులూ వెళ్లారు. వాళ్లు కూడా ఆ కంపెనీ లెక్కల పుస్తకాల్లో సరకే.

1630 - 32 కరవు దక్కన్‌ను ఊడ్చేసినప్పుడు బందరు చుట్టుపక్కల సాలెవాళ్లూ, ఉతికేవాళ్లూ పెద్దసంఖ్యలో చనిపోయారు. నేసే చేతులు లేక వ్యాపారం కుంటుబడింది. దూరదేశాల్లో పెళ్లిపందిళ్లకు మెరుపులద్దిన చేతులవి.

అయితే మంచిరోజుల్లో నేతగాళ్లు మరీ నిస్సహాయులేం కాదు. నౌకలు గాలివాటు చూసుకుని బయల్దేరాలి కాబట్టి కంపెనీలు ముందే బయానా ఇచ్చి బట్ట ఒప్పుకునేవి. ఒక కొనుగోలుదారు కాకపోతే మరొకడు ఉన్నాడు. డచ్చివాడు ధర తగ్గిస్తే ఆంగ్లేయుడు, ఆంగ్లేయుడు కాదంటే పారశీక వర్తకుడు. మంచి బేరం తగిలితే బయానా తిరిగిచ్చేసి ఒప్పందం వదులుకునే వీలు నేతగాడికి ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో ఆంగ్లేయుల పాలన వచ్చాక ఆ వీలు పోయింది. కొనేవాడే పాలకుడైతే ఇక బేరమెక్కడిది?

లండన్‌లో బట్టలు చింపారు!

మొదట లవంగాల కోసం బట్ట కొన్న ఐరోపావాళ్లు మెల్లగా ఆ బట్టనే ఇంటికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. పదిహేడో శతాబ్దం ద్వితీయార్ధానికి లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో మన అద్దకం బట్ట పిచ్చి పట్టుకుంది. తేలిక, ఉతికినా పోని రంగు, పూలతీగల సొగసు. మంచాలకు తెరలు, దుప్పట్లు, గౌన్లు అన్నీ అవే. మన 'చీటిగుడ్డ'కు చుట్టమైన 'ఛింట్' అనే మాటే ఆంగ్లంలో 'చింజ్' అయింది, డచ్‌లో 'సిట్స్' అయింది. 'పలంగ్‌పోష్' అనే మంచందుప్పటి 'పాలంపోర్' అయింది. నెదర్లాండ్స్‌లోని హిండెలోపెన్ అనే చిన్న ఊళ్లో ఆడవాళ్ల సంప్రదాయ దుస్తులకు ఈ బట్టే వాడేవారు.

సొంత నేతగాళ్ల కడుపు కాలదూ? ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టల్ని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి అద్దకం బట్ట దిగుమతిని ఆపింది. తెల్లబట్ట తెప్పించుకుని అక్కడే అద్దడం మొదలుపెట్టారు. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లోకొచ్చి, అద్దకం గౌను కట్టుకుని కనిపించిన ఆడవాళ్ల బట్టలు చింపారు, వాటిమీద సిరా, ఆమ్లం పోశారు. 1721లో ఆ బట్టల వాడకాన్ని కూడా నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది.

ఇంకోపక్క, ముతక నీలంబట్టను 'గినీ గుడ్డ' పేరుతో పశ్చిమాఫ్రికాకు తీసుకెళ్లి, దానికి బదులు బానిసల్ని కొని అమెరికా తోటలకు తరలించారు. మన తీరంలో నేసిన గుడ్డ ఎవరి మెడకు గుదిబండ అయిందో నేసినవాడికి తెలిసే అవకాశమే లేదు.

బట్ట వద్దన్నారుగానీ విద్య మాత్రం వదల్లేదు. 1742లో పుదుచ్చేరి నుంచి కూర్దూ అనే ఫ్రెంచి మతగురువు అద్దకం పద్ధతినంతా అడుగడుగునా వివరిస్తూ లేఖ రాశాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో తన పుస్తకంలో చిరివేరు మొక్క బొమ్మను అచ్చేయించాడు. తరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన రహస్యం కాగితమెక్కింది. తరువాత మిల్లులొచ్చాయి. లాంకషైర్‌లో యంత్రం మీద నేసిన బట్టకే 'మాడపోలం' అని పేరుపెట్టి అమ్మారు! 1869 ప్రాంతంలో జర్మనీ రసాయనశాస్త్రవేత్తలు ఎర్రరంగు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. చిరివేరు తవ్వేవాళ్లకు పని లేకుండా పోయింది.

మాటలూ దిగుమతే!

* పోర్చుగీసువాళ్లు సరకుతో పాటు మాటలూ దించి వెళ్లారు. పీపా, అల్మారా, బొత్తాం, తువ్వాలు, పాదరీ, అనాస... ఇవన్నీ ఆ భాష నుంచి వచ్చినవే.

* అమెరికా ఖండం నుంచి వాళ్ల నౌకల్లో వచ్చిన మొక్కలు మన భోజనాన్నే మార్చేశాయి. మిరప, జీడిమామిడి, బొప్పాయి, జామ, సీతాఫలం అలా వచ్చినవే. గుంటూరు మిరపకాయ పూర్వీకులు సముద్రం దాటి వచ్చారన్నమాట!

* పొగాకు కూడా అంతే. పదిహేడో శతాబ్దం తొలినాళ్లకే మన తీరంలో పండి, తిరిగి బయటి రేవులకు ఎగుమతయ్యేది.

* బాండా దీవుల్లో 'రన్' అనే చిన్న దీవి కోసం డచ్చివాళ్లూ, ఆంగ్లేయులూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 1667లో బ్రేడా ఒప్పందంతో రన్ డచ్చివాళ్లకు మిగిలింది. అమెరికాలో మన్‌హాటన్ దీవి ఆంగ్లేయులకు దక్కింది. ఇప్పటి న్యూయార్క్ నగరం నడిబొడ్డు అదే!

ఎక్కడున్నాయి ఆ బట్టలు?

సులవేసీ దీవిలో కొండల మధ్య బతికే టొరాజా ప్రజల ఇళ్లలో కొన్ని పాత బట్టల్ని పవిత్రంగా దాచుకున్నారు. 'మాఆ', 'మావా' అని వాటి పేర్లు. పంటల పండక్కో, చావుకో, దేవుడి కొలువుకో తప్ప బయటికి తీయరు. వాళ్ల పెద్దలకు దేవతలిచ్చిన బట్టలని నమ్మకం. వాటిలో కొన్ని గుజరాత్‌వి, కొన్ని కోరమాండల్‌వి అని పరిశోధకులు తేల్చారు. జపాన్‌లో 'సరాసా' అని పిలిచే మన అద్దకం ముక్కల్ని తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులుగా కుట్టి తరతరాలుగా కాపాడుకున్నారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఆనాటి దుప్పట్లు అద్దాల వెనక ఉన్నాయి. ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది.

మచిలీపట్నంలో మాత్రం డచ్చివాళ్ల సమాధులు మిగిలాయి. పక్కనే ఉన్న పెడనలో కలంకారీ బతికే ఉంది. టేకు అచ్చులు బట్టమీద పడుతున్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. కరక్కాయ, పటిక, బెల్లం, తుప్పు ఇనుము అవే. చిరివేరు బదులు మాత్రం చాలాచోట్ల అలిజరిన్ వచ్చింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కినా, తెరముద్రతో తయారయ్యే చౌకరకం నకళ్లతో పోటీ తప్పడం లేదు. వారాల తరబడి పడే కష్టానికి దక్కే కూలి ఎంతని అడిగితే అచ్చు వేసే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఒకప్పుడు ఈ చేతులు నేసి అద్దిన బట్ట లేకపోతే ప్రపంచానికి లవంగం దొరికేది కాదు. ఈసారి కూరలోనో, కిళ్లీలోనో లవంగం పంటికింద పడ్డప్పుడు ఆ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోండి.